సూరతు కోఠీ: ఒక ఆంగ్లపదం, దాని అర్థాంతరాలు

చరిత్ర పాఠ్యగ్రంథాలలో పరంపరగా కనిపించే మాట ఒకటి ఉన్నది: ఆంగ్లేయులు 1613లో సూరతులో ఫాక్టరీ స్థాపించినారన్నది. ఆ వాక్యంలో దోషం లేదు. దోషమంతా దానిని చదివిన తెలుగు విద్యార్థి మనస్సులో నిలిచే చిత్రంలో ఉన్నది. అతడికి పొగగొట్టం కనిపిస్తుంది. యంత్రాల రొద వినిపిస్తుంది. కూత వినగానే బారులు తీరి లోపలికి పోయే కూలీలు కళ్లముందు కదులుతారు. సూరతు నేడు మరమగ్గాలకు, అద్దకపు మిల్లులకు పేరుపడిన పట్టణం కావడంచేత ఆ చిత్రం మరింత సహజమనిపిస్తుంది. కాని 1613 నాటికి పొగగొట్టాల కాలం ఇంకా రాలేదు. ఆ ఫాక్టరీ గుడ్డ నేసే చోటు కాదు, గుడ్డ కొనే చోటు. అక్కడ ఆడినది మగ్గం కాదు, కలం.

తెలియని పదంవల్ల అనువాదకుడికి కలిగే అపాయం తక్కువ. తెలియదని తెలుసు కనుక నిఘంటువు తెరుస్తాడు, తెలిసినవారిని అడుగుతాడు. తెలిసిన పదమే అతడిని ముంచుతుంది. ఫాక్టరీ అన్న మాటకు నిఘంటువు తెరిచే తెలుగువాడు ఎవడు? అది తెలుగు మాటే అయిపోయినది. పల్లెటూరి పిల్లవాడికి కూడ చక్కెర ఫాక్టరీ, ఐసు ఫాక్టరీ తెలుసు. అందుచేతనే ఆ పదం ఎంత దూరం నడిచి వచ్చినదో విచారించడం అవసరం. ఆ విచారణకు సూరతును మించిన చోటు లేదు. ఆ పదపు మొదటి అర్థమూ చివరి అర్థమూ ఒకే నగరంలో నివసించినవి.

మొదటి అర్థం చూడవలె. 1608లో హాకిన్సు నాయకత్వాన ‘హెక్టరు’ అనే ఆంగ్లేయుల ఓడ సూరతు రేవుకు వచ్చినది. 1612లో సువాలి దగ్గర థామస్ బెస్టు పోర్చుగీసు నౌకలను ఎదిరించి నిలిచినాడు. 1613 ఆరంభంలో జహంగీరు ఫర్మానా లభించినది. తపతీ తీరాన ఆంగ్లేయుల ఫాక్టరీ నిలిచినది. అయితే తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం మరొకటి ఉన్నది. అంతకు రెండేళ్లు ముందే, 1611లో, కెప్టెను హిప్పన్ నాయకత్వాన ‘గ్లోబు’ ఓడలో వచ్చిన ఆంగ్లేయులు మచిలీపట్నంలో ఇట్టి ఫాక్టరీనే ఏర్పరచుకొన్నారు. అంటే ఈ పదం సూరతుకంటె ముందు తెలుగు తీరాన కాలు మోపినదన్నమాట. ఫ్రెంచివారి విషయంలో వరుస తారుమారైనది: వారి మొదటి ఫాక్టరీ 1668లో సూరతులో, మరుసటి సంవత్సరం మచిలీపట్నంలో వెలిసినవి. పడమటి తీరాన ఒకటి, తూర్పు తీరాన ఒకటిగా ఈ రెండు రేవులు ఒకే పదానికి రెండు వాకిళ్లు.

ఇంతకూ ఆ ఇంటిలో జరిగే పని ఏమిటి? నాటి ఓడలు ఋతుపవనాలకు లోబడి తిరిగేవి. రేవులో ఎక్కువకాలం నిలువలేవు. ఓడ వచ్చిన తరువాత సరకు కొనబోతే ధర కొండెక్కుతుంది. కాబట్టి ఓడ లేని నెలలలో కూడ రేవులోనే ఉండి, ధర తగ్గినప్పుడు కొని, నిలవజేసి, ఓడ రాగానే ఎక్కించే నమ్మకమైన మనిషి ఒకడు కావలె. ఆ మనిషి ఫాక్టరు. అతడూ అతని తోటివారూ కాపురముండే ఇల్లు ఫాక్టరీ. సరకు కొట్లు, లెక్కల గది, పడక గదులు, అందరూ కలిసి భుజించే సాల, ప్రార్థన చేసుకొనే చోటు, అన్నీ ఒక ఆవరణలోనే. ఫాక్టరు నేతగాడి ముఖం చూడడం అరుదు. అతడు దళారికి ముందుగా సొమ్ము ఇస్తాడు. దళారి ఊరూరా తిరిగి నేతగాండ్రకు పంచుతాడు. నేసిన బట్ట అదే దారిన వెనుకకు వస్తుంది. నేటి అర్థంలో ఫాక్టరీ ఎక్కడ ఉన్నదంటే, ఊరి చివర నేతగాడి పూరింట్లో, నేలలో తవ్విన మగ్గపు గుంటలో ఉన్నది. దానికి ఆ పేరు పెట్టినవారు లేరు.

పదపు పుట్టుక చూస్తే ఈ విడ్డూరం ఇంకా స్పష్టమవుతుంది. లాటినులో ‘ఫాకెరె’ అంటే చేయుట. ‘ఫాక్తోర్’ అంటే చేయువాడు. మధ్యయుగపు వర్తకులు ఆ పదాన్ని తీసుకొని, యజమాని తరఫున పని చక్కబెట్టే ప్రతినిధికి వాడినారు. అతడి స్థానానికి పోర్చుగీసువారు ‘ఫెయితోరియా’ అన్నారు, స్పానిషువారు ‘ఫాక్తొరీయా’ అన్నారు, ఆంగ్లేయులు ఫాక్టరీ అన్నారు. ఆంగ్లంలో ఫాక్టరు సంతతి అక్కడితో ఆగలేదు. బీజగణితంలో ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించేదీ ఫాక్టరే. తెలుగు పాఠశాలలలో అది కారణాంకం. ఒక ఫలితానికి తోడ్పడే హేతువు కూడ ఫాక్టరే. దానిని తెలుగులో కారకమని, అంశమని అంటున్నారు. దళారి, అంకె, హేతువు: ఈ మూడింటికీ చుట్టరికం ఏమిటని తెలుగువాడు ఆశ్చర్యపడవచ్చు. ‘చేయునది’ అన్న ధాత్వర్థం ఒక్కటే వాటిని కలిపే దారం.

కంపెనీ కొలువులో ఉద్యోగపు మెట్లు కూడ ఇక్కడ స్మరించదగినవి. కింది మెట్టు రైటరు, దానిపైన ఫాక్టరు, ఆపైన చిన్న వర్తకుడు, పెద్ద వర్తకుడు. కలకత్తాలోని రైటర్సు బిల్డింగు పేరు విని అది కవులకు, రచయితలకు కట్టించిన భవనమని భ్రమపడిన సాహిత్యాభిమాని ఉంటే అతడిని నిందించలేము. పోలీసు ఠాణాలోని రైటరు, దస్తావేజు రైటరు ఆ పాత అర్థాన్ని తెలుగులో ఈనాటికీ కాపాడుతున్నారు. సామాన్యుల వాడుకలో పాత అర్థం బతికి ఉండగా చదువరుల వాడుకలో చచ్చిపోవడం భాషా చరిత్రలో తరచుగా జరిగేదే.

ఈ పదాన్ని స్పానిషుతో పోల్చి చూడడానికి ఒక చారిత్రక హేతువు కూడ ఉన్నది. 1580 నుండి 1640 వరకు స్పెయిను, పోర్చుగలు దేశాలకు రాజు ఒక్కడే. సూరతు సముద్రంలో ఆంగ్లేయులు తలపడిన పోర్చుగీసువారు ఆనాడు స్పెయిను రాజుకు కూడ ప్రజలే. సముద్ర వాణిజ్యంలో ఆంగ్లేయులకంటె ముందు నడిచిన ఆ ఐబీరియా భాషలు ఈ పదాన్ని ఎట్లా పోషించినవో చూస్తే ఆంగ్లం చేసిన పని తెలుస్తుంది.

స్పానిషులో రెండు మాటలు ఉన్నవి. ఫాక్తొరీయా అంటే, ముఖ్యంగా పరదేశంలోని, వర్తకుల స్థానం. ‘ఫాబ్రికా’ అంటే వస్తువులు తయారయ్యే చోటు. అమెరికా వ్యాపారాన్ని నడపడానికి 1503లో సెవీయా నగరంలో ఏర్పడిన ప్రభుత్వ కార్యాలయంలో ముగ్గురు ప్రధానోద్యోగులు ఉండేవారు: కోశాధికారి, లెక్కల అధికారి, ఫాక్తోర్. అదే నగరంలో 18వ శతాబ్దిలో నిర్మించిన రాజకీయ పొగాకు కర్మాగారం మాత్రం ఫాబ్రికా. ప్రాస్పెర్ మెరిమే 1845లో సృష్టించిన కార్మెన్ చుట్టలు చుట్టినది అక్కడే. నేడు ఆ భవనం విశ్వవిద్యాలయానికి చెందినది. ఒకే ఊరిలో లెక్కలు చూచే ఫాక్తోరూ, చుట్టలు చుట్టే ఫాబ్రికా వేరువేరుగా నిలిచినవి. స్పానిషు చదువరికి ఒకటి చెబితే మరొకటి తోచే ప్రమాదం లేకపోయినది.

కాలక్రమాన స్పానిషులో కూడ ఆ గోడ కొంత కూలినది. పెద్ద యంత్రాగారాన్ని ఫాక్తొరీయా అనడం నేటి స్పానిషులో ఉన్నది. పట్టిన చేపలను పట్టినట్లే శుద్ధి చేసే పెద్ద ఓడకు కూడ ఆ పేరే విశేషణం. అయినా వస్తువు ఉత్పత్తి స్థానంలోని ధర అన్నప్పుడు, యంత్రం తయారైనప్పటి మొదటి అమరిక అన్నప్పుడు, ఫాబ్రికాయే వస్తుంది. ఫాక్తోర్ అనే మాట మాత్రం విచిత్రమైన కొలువులు చేసినది: గణితంలో కారణాంకంగా, వర్తకంలో ప్రతినిధిగా, చివరకు రైల్వే స్టేషనులో సామాను రవాణా చూచే ఉద్యోగిగా కూడ.

ఇక ఫాబ్రికా అనే మాట ఆంగ్లానికి పోయి ఏమైనదో చూస్తే నవ్వు రాక మానదు. లాటిను ‘ఫాబెర్’ అంటే పనివాడు. అతడి పనిశాల ఫాబ్రికా. ఆంగ్లంలో అది ఫాబ్రిక్ అయి, మొదట కట్టడమని, తరువాత అల్లిక అని, చివరకు గుడ్డ అని అర్థం మార్చుకొన్నది. కాబట్టి స్పానిషులో గుడ్డ తయారయ్యే చోటి పేరు ఆంగ్లంలో ఆ చోట తయారయ్యే గుడ్డ పేరయినది. స్పానిషువాడు గుడ్డను ‘తేలా’ అంటాడు, నేతను ‘తెహీదో’ అంటాడు. ఫాబ్రికా అంటే అతడికి రాతితో, ఇటుకతో కట్టిన గోడపని కూడ. సూరతు బజారులో గుట్టలుగా పడి ఉన్న ఫాబ్రిక్‌ను ఆంగ్లంలో వర్ణిస్తే, చాలీచాలని ఆంగ్లం తెలిసిన స్పానిషువాడు బజారునిండా కర్మాగారాలే ఉన్నవని తలపోయగలడు.

సమాజపు ఫాబ్రిక్ చెడినదని ఆంగ్ల పత్రికలు వ్రాస్తే స్పానిషువారు అదే భావాన్ని తెహీదోతో చెపుతారు. నేత అన్న ఊహ రెండింటిలోనూ నిలిచినది. తెలుగులో కొందరు ‘సామాజిక వస్త్రం’ అని వ్రాస్తారు. అది చదివినప్పుడు సమాజం ఒంటిమీది బట్ట జారినట్లు తోస్తుంది గాని అల్లిక విడినట్లు తోచదు. పడుగు, పేక అని రెండు చక్కని మాటలున్న భాషలో ఈ దారిద్ర్యం ఎందుకు? సమాజపు పడుగుపేకలు తెగినవంటే నేతగాడికీ అర్థమవుతుంది, పండితుడికీ అర్థమవుతుంది.

ఇప్పుడు తెలుగు అనువాదకుల పద్ధతులను పరిశీలించవలె. చరిత్రకు సంబంధించిన ఫాక్టరీకి తెలుగులో కనిపించే రూపాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది, ఆంగ్లపదాన్నే నిలుపుట. ఇది అబద్ధం చెప్పదు. కాని నిజమూ చెప్పదు. చదువరి తన కాలపు అర్థాన్ని అందులో నింపుకొనడానికి తలుపు తెరచి పోతుంది.

రెండవది, కర్మాగారం. ఇది మొదటిదానికంటె చెడ్డది. మొదటిది మౌనంగా ఉన్నచోట ఇది తప్పుసాక్ష్యం చెపుతుంది. దీనిని వాడినవాడు తెలియకుండానే ఒక చారిత్రక సిద్ధాంతాన్ని కూడ వాడుతున్నాడు: కంపెనీ వచ్చి ఈ దేశంలో వస్తువుల తయారీ నెలకొల్పినదని. జరిగినది దానికి విపర్యయం. తయారీ ఇక్కడే ఉన్నది. కొనుగోలుకు వారు వచ్చినారు. సూరతు ప్రాంతపు నూలుబట్ట, నీలిమందు, మచిలీపట్నపు అద్దకపు చీటీలు ఓడలను పిలిచినవి గాని ఓడలు వాటిని పుట్టించలేదు. ఒక్క పదపు తప్పు అనువాదం నేతగాడి చేతిలోని గౌరవాన్ని తీసి వర్తకుడి చేతిలో పెడుతున్నది.

మూడవది, గిడ్డంగి. ఈ మాట అందమైనది. ఆంగ్లపు గోడౌనుకు ఇది చుట్టమని కోశకారులు ఊహించినారు. కాని గిడ్డంగిలో సరకు ఉంటుంది గాని మనుషులు కాపురం ఉండరు. ఫాక్టరీలో ఒక భాగానికి ఇది సరిపోతుంది, మొత్తానికి చాలదు.

నాలుగవది, వర్తకస్థావరం. ఈ మధ్య పాఠ్యగ్రంథాలలో ఎక్కువగా కనిపిస్తున్నది. అర్థంలో దగ్గరగా వచ్చినది. అయినా స్థావరమన్న మాటకు సైనికవాసన ఉన్నది. 1664లో శివాజీ సూరతుపై దండెత్తినప్పుడు ఆక్సెండెన్ నాయకత్వాన ఆంగ్లేయులు తమ ఫాక్టరీలో నిలిచి దానిని కాపాడుకొన్నారు. 1759లో సూరతు కోటనే వశపరచుకొన్నారు. కాబట్టి ఆ వాసన చివరకు నిజమైనది. కాని 1759లో నిజమైనదానిని 1613కు అంటగడితే, అర్జీ పట్టుకొని మొగలు దర్బారులో నిలిచిన వర్తకుడిని మొదటినుండీ విజేతగా చూపినట్లవుతుంది. చరిత్ర మెట్లుమెట్లుగా మారినది. అనువాదం ఆ మెట్లను ఒక్క గంతులో దాటించరాదు.

అయితే సరియైన మాట ఏది? పండితులకంటె ముందు ప్రజలు దీనికి సమాధానం చెప్పినారు. ఉత్తర పశ్చిమ దేశభాషలలో ఆ ఇంటికి కోఠీ అన్న పేరు స్థిరపడినది. సంస్కృతంలో ధాన్యాదులను భద్రపరచే కోష్ఠం దానికి మూలం. హిందీలో అది వర్తకుడి పెద్ద ఇల్లు, షాహుకారు కొట్టు, తరువాత దొరల భవనం అయినది. హైదరాబాదువారికి ఈ మాట పరాయిది కాదు. 19వ శతాబ్ది ఆరంభంలో బ్రిటిషు రెసిడెంటుకై కట్టిన భవనంవల్ల ఏర్పడిన కోఠి పేరు నేటికీ ప్రతి సిటీబస్సు మీద తిరుగుతున్నది. సరకు కొట్టునుండి రాజప్రతినిధి సౌధందాకా ఆ మాట చేసిన ప్రయాణం, ఫాక్టరీనుండి కోటదాకా కంపెనీ చేసిన ప్రయాణానికి సరిజోడు.

మచిలీపట్నం ప్రజలు మరొక మార్గం తొక్కినారు. అక్కడ వలందపాలెం ఉన్నది, పరాసుపేట ఉన్నది, ఇంగ్లీషుపాలెం ఉన్నది. వలందులు హాలెండువారు, పరాసులు ఫ్రెంచివారు. వారు ఫాక్టరీ అనలేదు, కోఠీ అనలేదు; ఫలానావారు దిగిన పాలెం అన్నారు. ఆ ఇంట్లో ఏమి జరుగుతున్నదన్నదానికంటె అక్కడ ఎవరు దిగినారన్నదే ఊరివారికి ముఖ్యం. దీనిని అనువాదమని ఎవరూ అనుకోలేదు. కాని ఇంతకంటె స్వేచ్ఛగా, ఇంతకంటె నిజంగా ఒక విదేశీ సంస్థను తెలుగు చేసినవారు లేరు. 1947 అక్టోబరులో ఫ్రెంచివారు సూరతులోను మచిలీపట్నంలోను తమకు మిగిలిన చిన్న ‘లోజు’ల హక్కును భారతదేశానికి వదలుకొన్నారు. లోజు పోయినది, పరాసుపేట నిలిచినది.

ఈ సందర్భంలో దుబాషిని మరువరాదు. తూర్పు తీరపు ఫాక్టరీలకు అతడు లేక పొద్దు గడవదు. రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి, వాడుకలో దుబాషి. అనువాదకుడు, దళారి అన్న రెండు పనులూ ఒక్కడివే. అతడు మాటను మార్చేవాడు, ధరను కూడ మార్చేవాడు. నేటి అనువాదకుడు తన పూర్వుణ్ణి తలచుకొని కొంత జాగ్రత్త పడవలె. మాటను మార్చినచోట ధర కూడ మారుతుంది. ఎవరి పనికి ఎంత విలువ కట్టినట్లయినదో చూచుకొనకపోతే అనువాదం దళారీతనం అవుతుంది.

తెలుగు వ్యాకరణం ఈ జాగ్రత్తకు చక్కని సాధనం ఇచ్చినది. చేయు, చేయించు అని తెలుగు క్రియకు రెండు రూపాలు. ఫాక్టరు అంటే చేసేవాడని లాటిను చెపుతుంది. కాని సూరతు ఫాక్టరు ఏమీ చేయలేదు, చేయించినాడు. ఫాక్టరీ చేయించేవాడి ఇల్లు. చేసేవాడి ఇల్లు వేరే ఊళ్లో ఉన్నది. ఆ తరువాత రెండు శతాబ్దాలలో యంత్రం వచ్చి చేసేవాడిని ఇంటినుండి లేవదీసి చేయించేవాడి ఆవరణలోకి తెచ్చినది. ఆంగ్లంలో ఈ రెండు దశలకూ పదం ఒకటే. ఒక అర్థం చచ్చి మరొక అర్థం పుట్టినదని నిఘంటువు వ్రాస్తుంది. నిజానికి అది అర్థం మారడం కాదు, మనుషులు ఇల్లు మారడం.

సంస్కృతపు ‘కృ’ ధాతువు ఇంకొక వింత చూపుతుంది. కార్యాలయం, కర్మాగారం రెండూ ఆ ధాతువు పిల్లలే. పారశీకంనుండి వచ్చిన కార్ఖానాలోని ‘కార్’ కూడ దానికి జ్ఞాతియే. మూడింటికీ ‘పని జరిగే ఇల్లు’ అన్నదే వ్యుత్పత్తి. అయినా తెలుగువాడికి కార్యాలయమనగానే కాగితాలు, కర్మాగారమనగానే యంత్రాలు, కార్ఖానా అనగానే సుత్తి చప్పుడు స్ఫురిస్తాయి. వ్యుత్పత్తి అర్థాన్ని ఇవ్వదు, వాడుక ఇస్తుంది. 1613 నాటి సూరతు ఫాక్టరీ ఈ మూడింటిలో కార్యాలయానికి దగ్గర. ఆ కాలపు మొగలు పాలకుల పనిశాలలు కార్ఖానాలు. అంటే నాటి వాడుకలో కోఠీ, కార్ఖానా అని వేరువేరు మాటలు వేరువేరు వస్తువులకు చక్కగా అమరి ఉన్నవి. తెలుగు ఆంగ్లం చేతిలో పడి ఆ రెండింటినీ ఒక్క సంచిలో వేసుకొన్నది.

ఇక చివరి అర్థం. నేటి సూరతులో తెలుగు వినిపించే పేటలు ఉన్నవి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నేతపని కుటుంబాలు, వారిలో పద్మశాలీలు ఎక్కువగా, తరతరాలుగా భీవండి, షోలాపురం, సూరతులకు వలస పోయినవి. లింబాయతు పరిసరాలలో వారి నివాసాలు ఎక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చినది. ఇంట్లో మగ్గం ఉన్న వంశం యంత్రం ఉన్న షెడ్డుకు పోయి, పన్నెండు గంటల పాళీలో, మీటరు లెక్కన కూలికి నేస్తున్నది. ఒకనాడు ఊళ్లో ఉండి ఫాక్టరీకి బట్ట పంపిన వృత్తివారు నేడు ఫాక్టరీలోనే ఉన్నారు. ఆ పదపు రెండు అర్థాలనూ తమ శరీరంతో అనువదించినవారు వారే.

వారి వాడుక వినదగినది. నేత అన్న మాటకు ముందు ‘చే’ చేర్చి చేనేత అని చెప్పవలసిన అవసరం యంత్రం ఎదుట నిలిచినప్పుడే తెలుస్తుంది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. గుజరాతీలో యంత్రానికి ఉన్న సంచో అన్న పేరుకు అది చుట్టం. ఇక ఆ సాంచలు ఆడే షెడ్డుకు సూరతు వాడుకలో ఉన్న పేరు ఖాతా. పని దొరికినదా అంటే ఖాతాలో దొరికినదంటారు. తెలుగు దేశంలో ఖాతా అంటే లెక్కల పుస్తకంలో ఒకరి పేర ఉన్న పద్దు. గుజరాతీలో అది పద్దూ అవుతుంది, ఒక శాఖా విభాగమూ అవుతుంది. అక్కడినుండి పనిచోటు అయినది. ఫ్రెంచివారు తమ వర్తకస్థానాలను ‘కొంత్వార్’ అన్నారు. దానికి మూలార్థం లెక్కలు చూచే బల్ల. నాలుగువందల ఏండ్లనాడు కలం ఆడిన ఇంటికి ఫాక్టరీ అని పేరు. నేడు మగ్గం ఆడే ఇంటికి ఖాతా అని పేరు. పేర్లు తమ ఇళ్లు మార్చుకొన్నవి.

ఈ మాటలు ఏ నిఘంటువులో ఉన్నవి? సూరతు కవి నర్మదుడు గుజరాతీ పదాలకు గుజరాతీలోనే అర్థం చెప్పే నర్మకోశాన్ని 1873లో ప్రకటించినాడు. ఒక మనిషి పూనుకొంటే ఎంత పని సాగుతుందో దానివల్ల తెలిసినది. తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడినవి. నేతగాడి నోటిమాటను శాస్త్రీయంగా అచ్చుకెక్కించిన ఆ కృషి భారతీయ భాషలలో ఎన్నదగినది. కాని చేనేత సంపుటం చేనేతది. సాంచల భాషకు, వలసపోయిన నేతవారి భాషకు అట్టి సంపుటం కావలసి ఉన్నది. సూరతులో పుట్టిన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, ఖాతాలో హిందీ మాట్లాడుతూ పెరుగుతున్నారు. తాతకు తెలిసిన అచ్చు, పలక, నాడె వంటి మాటలు మనుమడికి చేరుతున్నవో లేవో ఎవరూ లెక్క కట్టడం లేదు. ఆ మాటలు పోతే, సమాజపు పడుగుపేకలని వ్రాయడానికి కూడ తెలుగు రచయితకు అండ ఉండదు.

అనువాదకులకు ఈ చర్చవల్ల తేలే కర్తవ్యాలు కొన్ని ఉన్నవి. పదానికి కాదు, పదం ఉన్న సంవత్సరానికి అర్థం వెదకవలె. 17వ శతాబ్ది ఫాక్టరీకి వర్తకుల కోఠీ అన్న మాట చక్కగా నప్పుతుంది. అది సమకాలికం, దేశీయం, పొగలేనిది. 19వ శతాబ్ది మధ్యనుండి యంత్రాలున్న చోటుకు కర్మాగారమన్నా, ఫాక్టరీ అన్నా దోషం లేదు. ఆంగ్లంద్వారా స్పానిషు గ్రంథాలను తెనిగించేటప్పుడు మరింత మెలకువ కావలె. గార్సియా మార్కెస్ 1967 నాటి ‘నూరేళ్ల ఏకాంతం’లో మకొందో ఊరికి వచ్చిన ఐసు ఫాక్టరీ స్పానిషులో ఫాబ్రికా, వలస చరిత్రలలో తీరం వెంట వచ్చేది ఫాక్తొరీయా. ఆంగ్లానువాదంలో రెండింటికీ ఫాక్టరీ అన్న ఒక్క రూపమే రావచ్చు. మూలంలో రెండుగా ఉన్నది నడిమి భాషలో ఒకటై, తెలుగులో తప్పు అయ్యే ప్రమాదం అక్కడ పొంచి ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఏ పదాన్ని తెలుగు చేస్తున్నప్పుడైనా అనువాదకుడు వేసుకొనవలసిన ప్రశ్న: ఈ వాక్యంలో చేసేవాడు ఎవడు, చేయించేవాడు ఎవడు? ఆంగ్లపదం ఆ ఇద్దరినీ ఒకే కప్పు కింద దాచవచ్చు. తెలుగు క్రియ దాచదు. సూరతు ఫాక్టరీ కథను నేడు తెనిగించేవాడు ఆ క్రియను నమ్ముకొన్నంతవరకు, చేసినవాడి పేరు చేయించినవాడి ఖాతాలో పడదు.